వృథాగా మండు వాయువు

(కర్నూలు పట్టణమున యువజన సభలో చేసిన ఉపన్యాసము)



ఈ సభకు మమ్ము పిలిచిన మిత్రులు, రాయలసీమ సాగునీటిని గూర్చియే మేము మాటాడుదు మనుకొనియుందురు. కోర్టు పని ముగిసిన పిమ్మట ఇన్ని సంవత్సరములుగా మేము చేయుచున్న ఉద్యమసేవ యంతయు ఆ నీటికొరకే గనుక, అట్లనుకొనుట సహజము. కాని నేడు నీటిని కొంతసేపు పక్కనబెట్టి, నిప్పును గూర్చి మాటాడ నిశ్చయించితిమి. సముద్రమున గలియు కృష్ణాజలములను గూర్చి మనము పడు వేదనలో పదియవ వంతైనను, ఆకాశమున గలియు ఇంధనమును గూర్చి మనము పడుట లేదు. రెండును ప్రజల సొత్తే. రెండును పోయినచో తిరిగి రావు.

మే మీ విషయమునకు వచ్చిన కారణమును మొదట మనవి చేయుదుము. గత వేసవిలో ఒక చెరువు పూడిక విషయమై కడప జిల్లాలోని యొక మెట్ట గ్రామమునకు పోయియుంటిమి. రచ్చబండ కడ ఒక పెద్దాయన తన మనుమని సెల్‌ఫోనులో, కోనసీమలో నెక్కడనో బావి మండుచున్న బొమ్మను మాకు చూపి, "ప్లీడరు సారూ, ఆడ గ్యాసు ఊరికే కాలిపోతాంది. ఈడ మేము బండ తెచ్చుకోవాలంటే అప్పు చేయాల. ఇదేం న్యాయం సారూ?" అని యడిగెను. న్యాయమన్న మాట వినబడగానే తడుముకొనక జవాబు చెప్పుట మా వృత్తి. ఆనాడు మాత్రము జవాబు దొరకలేదు. "కనుక్కొని చెప్తా పెద్దాయనా" యని వచ్చేసితిమి. నేటి యుపన్యాసము ఆ పెద్దాయనకు మేము పడిన బాకీ. దానిని మీ యందరి సమక్షమున తీర్చుచున్నాము.

ఆ ప్రశ్న మాకును క్రొత్తది కాదు. 1995వ సంవత్సరము జనవరి 8వ తేదీన, కోనసీమలోని పాశర్లపూడి కడ చమురు సంస్థవారి బావి యొకటి కట్టు తప్పి పేలి, అరువది యైదు దినములు మండెను. మార్చి నడిమికి గాని దానిని ఆర్పలేకపోయిరి. అప్పటికి మేము పాఠశాలలో చదువుకొను బాలురము. ఆ మంటను గూర్చి పత్రికలలో వచ్చిన వార్తలను మా తండ్రిగారు బిగ్గరగా చదువుచుండగా, మా తల్లిగారు అదే వసారాలో కంపకట్టెలును, శనగపొట్టును పొయ్యిలో ద్రోసి, పొగకు కండ్లు తుడుచుకొనుచుండెడివారు. ఒక చోట ఊరిని తరుము నిప్పు. ఇంకొక చోట అన్నమునకు చాలని నిప్పు. ఈ రెంటికి నేదో సంబంధ మున్నదని బాల్యముననే తోచినది గాని, ఆ సంబంధమును విప్పి చెప్పు విద్య మాకు లేకపోయెను. ఇప్పుడు గ్రంథములు చదివి, తెలిసినవారి నడిగి, కొంత నేర్చుకొంటిమి.

మొదట మంటలలో భేదమును గుర్తింపవలెను. న్యాయస్థానమున హత్యకును, ప్రమాదమునకును, ఆత్మరక్షణకును భేద మున్నట్లే, వాయువు మండుటలోను మూడు తీరులున్నవి. మొదటిది ప్రమాదము. పాశర్లపూడి యట్టిది. 2014 జూన్ 27వ తేదీన నగరము గ్రామమున గొట్టము పగిలి, ఇరువదిమందికి పైగా ప్రజలను దహించినది యట్టిదే. దీనికి కావలసినది జాగ్రత్తయు, జవాబుదారీతనమును; ఇంధనముగా మార్చు మాట అచ్చట పుట్టదు. రెండవది రక్షణకై మండించుట. యంత్రములలో ఒత్తిడి హఠాత్తుగా పెరిగినపుడు వాయువును పైగొట్టమున వదలి కాల్చకున్న కార్మికుల ప్రాణములకే ముప్పు. దీనిని తప్పుపట్టరాదు. మూడవది నిత్యాగ్నిహోత్రము వలె దినదినము సాగు మంట. చమురు కొరకు త్రవ్వగా దానివెంట వాయువు వచ్చును. బావి యూరికి దూరమున నున్నది, గొట్టము లేదు, కొనువాడు లేడు. కావున చమురును తీసికొని వాయువును తగులబెట్టుదురు. మన వాదమంతయు ఈ మూడవదాని మీదనే. పెద్దాయన చూచిన బొమ్మ మొదటి తీరుదై యుండవచ్చును; ఆయన యడిగిన న్యాయము మాత్రము మూడవదానికి చెందినది.

ఈ మూడవ మంట ఎంత పెద్దదో వినుడు. ప్రపంచ బ్యాంకువారు ఉపగ్రహముల చూపుతో వేసిన లెక్క ప్రకారము, 2023లో ప్రపంచమందలి చమురు క్షేత్రములలో నిట్లు కాల్చివేయబడిన వాయువు సుమారు 14,800 కోట్ల ఘనమీటర్లు. భారతదేశ మంతయు, ఎరువులకు, విద్యుత్తునకు, వాహనములకు, వంటకు కలిపి ఒక సంవత్సరమున వాడుకొను వాయువునకు అది రెట్టింపును మించినది. రష్యా, ఇరాన్, ఇరాక్, అమెరికా మొదలగు తొమ్మిది దేశములే దానిలో ముప్పాతిక వంతును కాల్చుచున్నవి. మన దేశ మా తొమ్మిదింటిలో లేదు, అందుకు సంతోషింపవచ్చును. కాని మన చరిత్రయు కడిగిన ముత్యము కాదు. బొంబాయి సముద్రమున 1974లో చమురు దొరకిన పిమ్మట, హజీరా నుండి ఉత్తరదేశమునకు గొట్టము పడువరకు, చాలకాలము వాయువును మంటల పాలు చేసితిమి. అస్సాము తేయాకు తోటల నడుమ ఆ మంటలను తరతరములవారు చూచిరి. మన కోనసీమలోను, గొట్టమునకు చేరని చిన్న బావుల కడ కొబ్బరితోటల మీదుగా రాత్రులందు ఎఱ్ఱని వెలుగు కనబడుట అచ్చటివారి కనుభవమే.

"కాల్చనేల? ఊరక వదలిపెట్టరాదా?" యని కొందరడుగుదురు. అది మరింత చెఱుపు. ఈ వాయువులో ముఖ్యభాగము మీథేను. అది కాలక గాలిలో కలిసినచో, నూరేండ్ల లెక్కన చూచినను, బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు ఇరువది యెనిమిది రెట్లు భూమిని వేడెక్కించును. ఇరువది యేండ్ల లెక్కన చూచిన ఎనుబది రెట్లకు మించును. వానలు తప్పిన యేటి బాధ యెట్టిదో రాయలసీమ రైతునకు వేరుగ చెప్పనక్కరలేదు. కావున వదలుట పాపము, కాల్చుట నష్టము, వాడుకొనుటయే ధర్మము.

వాడుకొనుట యెట్లు? ఇచ్చటనే చిక్కున్నది. చమురును పీపాలో పోసి బండి మీద వేయవచ్చును. వాయువు నట్లు మోయలేము. దానిని ద్రవముగా మార్చుటకు సున్నకు దిగువ 162 డిగ్రీల వరకు చల్లార్చవలెను. అప్పుడది ఆరువందలవ వంతునకు కుదించుకొనును గాని, ఆ యంత్రములకు వేలకోట్ల రూపాయలు కావలెను. గొట్టము వేయుదమన్న, చిన్న బావి పది పదునైదు ఏండ్లలో వట్టిపోవును; గొట్టపు వెల రాదు. అందుచేత శాస్త్రజ్ఞులు మూడవ మార్గమును వెదకిరి. వాయువును బావి కడనే వేరొక పదార్థముగా మార్చి, ద్రవముగా చేసి, పీపాలలో పంపుట. ఈ మార్పునకు ప్రాణము ఉత్ప్రేరకము.

ఉత్ప్రేరక మనగా నేమి? మన నల్లమలనే దృష్టాంతముగా తీసికొనుడు. నంద్యాల నుండి గిద్దలూరునకు పోవలెను. నడుమ కొండ అడ్డము. కొండ కొమ్ము నెక్కి దిగవలెనన్న నూటికొక్కడు పోగలడు. నందికనుమ దారి తెలిసినచో బండ్లును పోవును. కనుమ కొండను తగ్గించలేదు; నంద్యాల ఎత్తును గాని, గిద్దలూరు ఎత్తును గాని మార్చలేదు; ఎందరు నడచినను తాను తరుగలేదు. ఉత్ప్రేరకమును అట్టి కనుమయే. పదార్థముల నడుమ జరుగగల మార్పునకే అది సులభమైన దారి చూపును. జరుగరాని దానిని జరిపింపలేదు. 1835లో స్వీడను దేశపు బెర్జీలియస్ పండితుడు ఈ గుణమునకు పేరు పెట్టెను. నేడు ప్రపంచమున పెట్రోలు శుద్ధి మొదలు ఎరువుల వరకు పెద్ద రసాయన పరిశ్రమలలో ఈ కనుమలు లేనిది మిక్కిలి తక్కువ.

మీథేనునకు కనుమ త్రవ్వుట మాత్రము మిక్కిలి కష్టము. ఒక కర్బన పరమాణువును నాలుగు ఉదజని పరమాణువులు నలుదిక్కుల గట్టిగా పట్టుకొనియున్నవి. ఆ పట్టులలో మొదటిదానిని తెంచుటయే పని. తెంచి ఒక ఆమ్లజని పరమాణువును చేర్చినచో మిథనాలను ద్రవ ఇంధన మగును. లెక్క ప్రకారము పదునారు పాళ్ల మీథేను నుండి ముప్పదిరెండు పాళ్ల మిథనాలు రావలెను. వినుటకు సులభముగా నున్నది. కాని పట్టు తెగునంత వేడి యిచ్చితిమా, పుట్టిన మిథనాలు మీథేనుకంటె మెత్తనిది గనుక, అదియే ముందుగా కాలి బొగ్గుపులుసు వాయు వగును. బియ్యము ఉడుకకముందే అన్నము మాడినట్లన్నమాట. వింత యేమనగా, మన వరిమళ్ల బురదలో కంటికి కనబడని సూక్ష్మజీవులు కొన్ని, ఇనుము రాగి పరమాణువులను కడుపులో నుంచుకొని, ఏ పొయ్యియు లేక ఈ మార్పును నిత్యము చేయుచున్నవి. దేశదేశముల శాస్త్రజ్ఞు లా జీవుల రహస్యమును అనుకరింప యత్నించుచున్నారు. కర్మాగారమున పెద్దయెత్తున లాభసాటిగా ఆ యొక్క అడుగు దారి యింకను చిక్కలేదు.

నేరుగా సాధ్యము కానిచోట రెండడుగుల దారి యున్నది. మొదటి యడుగున మీథేనును నీటి యావిరితో కలిపి, నికెలు ఉత్ప్రేరకము మీదుగా, సుమారు 800 డిగ్రీలకు మించిన వేడిలో నడుపుదురు. అప్పుడది కర్బన మోనాక్సైడును, ఉదజనియు కలిసిన మిశ్రమ మగును. దీనిని సంశ్లేషణ వాయు వందురు. ఇది కమ్మరి కొలిమిలో ఎఱ్ఱగా కాచిన ఇనుము వంటిది. దేనిగా కావలెనన్న దానిగా సాగగొట్టవచ్చును. రాగి, జింకుల ఉత్ప్రేరకము మీద నడిపినచో మిథనాలగును. కోబాల్టు, ఇనుముల మీద నడిపినచో డీజిలును, మైనమును అగును. 1923లో జర్మనీలో మిథనాలు కర్మాగారము పనిచేయ నారంభించెను. 1925 ప్రాంతమున అదే దేశమున ఫిషరు, ట్రాప్షు అను నిద్దరు పండితులు డీజిలు మార్గమును కనుగొనిరి. 1966లో ఇంగ్లండువారు రాగి ఉత్ప్రేరకమును మెఱుగుపరచి, తక్కువ వేడిలో, తక్కువ ఒత్తిడిలో మిథనాలు చేయు పద్ధతిని తెచ్చిరి.

ఇవి కాగితపు మాటలు కావు. 1985లో న్యూజీలండువారు మోటునుయి యను చోట తమ సముద్రపు వాయువును మిథనాలుగా మార్చి, దానినుండి పెట్రోలు చేసి, కొన్నియేండ్లు తమ దేశపు పెట్రోలు అవసరములో మూడవ వంతు తీర్చుకొనిరి. 1993లో మలేషియాలోని బింటులు కడ డీజిలు కర్మాగారము వెలసినది. 2011లో కతారు దేశమున దినమునకు 1,40,000 పీపాల ఇంధనము చేయగల మహా కర్మాగారము పని మొదలిడెను. మన దేశముననే, అస్సాములోని నామ్‌రూప్ కడ వాయువునుండి చాలకాలముగా మిథనాలు చేయుచున్నారు. దినమునకు 500 టన్నులు చేయగల క్రొత్త కర్మాగారము 2023 ఏప్రిలులో జాతికి అంకితమైనది. మన హైదరాబాదులో భారత భారీ విద్యుత్పరికరముల సంస్థ పరిశోధకులు, బూడిద యెక్కువగల మన దేశపు బొగ్గునుండియే సంశ్లేషణ వాయువును దీసి, దానిని మిథనాలుగా మార్చు చిన్న కర్మాగారమును 2021లో నడిపి చూపిరి.

ఇంతదూరము పోనేల? మన కర్నూలు, కడప రైతు ఏటేట మోయుచున్న యూరియా బస్తాయే దీనికి సాక్షి. కాకినాడ కడ 1992లో వెలసిన ఎరువుల కర్మాగారము గోదావరి వాయువునే ముడిసరుకుగా తీసికొనెను. నికెలు మీద మీథేను నుండి ఉదజని. ఇనుము మీద ఉదజనికి గాలిలోని నత్రజనిని జోడింపగా అమోనియా. అమోనియా నుండి యూరియా. ఇదియే వరుస. లెక్క వేయుడు. నలుబదియైదు కిలోల యూరియా బస్తాకు సుమారు ముప్పది ఘనమీటర్ల వాయువు పట్టును. ఇంటికి వచ్చు గ్యాసు బండలోని వేడికి సమానమగుటకు సుమారు పదునెనిమిది ఘనమీటర్లు చాలును. ఒక బావి కడ దినమునకు పదివేల ఘనమీటర్లు మండిన దనుకొందము. దినమునకు 550 బండల యన్నము, లేదా 330 బస్తాల పైరు, పొగయై పోయినట్లు. 2025 ఖరీఫున యూరియా కొరకు చెప్పులు వరుసలో పెట్టి నిలిచిన రైతు కీ లెక్క తెలియవలెను.

మరి యింత సుగుణ మున్నప్పుడు అన్నిచోట్ల నేల చేయరు? ఎదుటి పక్షపు వాదమును గూడ వినుట మా ధర్మము. వారి వాదములు నాలుగు. ఒకటి: ఈ రెండడుగుల దారిలో వాయువునందలి శక్తిలో నూటికి ముప్పదియైదు, నలుబది పాళ్లు దారిలోనే ఖర్చగును, కావున గొట్టము దగ్గరనున్నచోట నేరుగా వాయువునే పంపుట మేలు. ఇది నిజము, ఒప్పుకొందము. రెండు: వాయువులో గంధకపు పాలున్నచో నికెలునకు విషమెక్కును, ముందు జింకు భస్మము మీదుగా నడిపి కడుగవలెను. కర్బనము మసిగా పేరుకొని ఉత్ప్రేరకమును మూసివేయుటయు కలదు. మూడు: ఈ కర్మాగారములు పెద్దవైనకొలది లాభము, చిన్నవైనకొలది నష్టము. బావులేమో చిన్నవి, చెల్లాచెదరు. నాలుగు: బింటులు కర్మాగారముననే 1997లో గాలిని విడదీయు యంత్రము పేలినది, ఇది పిల్లలాట కాదు.

ఈ నాలుగింటిని మన్నించియే మా జవాబు చెప్పుచున్నాము. నష్టము నూటికి నలుబది యని వారందురు. మండించుటలో నష్టము నూటికి నూరు గదా! గొట్టమునకు దగ్గర బావికి గొట్టము. దూరపు బావికి ఉత్ప్రేరకము. రెంటికి తగనిచోట అచ్చటనే విద్యుత్తు. మూడింటిలో నేదో యొకటి చేయవలెనే గాని, నాలుగవదియగు మంటను హక్కుగా చెప్పుకొనరాదు. చిన్న కర్మాగారము లాభసాటి కాదన్న మాట నేటి ధరల మాట. ఆకాశము పాడగుటకు వెల కట్టినచో ఆ లెక్క మారును. బండిమీద మోసికొని పోదగిన చిన్న యంత్రములపై నేడు దేశదేశముల పరిశోధన జరుగుచున్నది. 1944లో హైదరాబాదున పుట్టిన ప్రయోగశాలయే పెరిగి నేడు భారత రసాయన సాంకేతిక సంస్థ యైనది; ఉత్ప్రేరకములపై పరిశోధన అచ్చట ముఖ్యశాఖ. విద్య మన యింటనే యున్నది. దానికి బావిగట్టున పని కల్పింపవలెను.

ఇక చట్టపు మాట. పెద్దాయన "ఇదేం న్యాయం" అని యడిగెను గదా! 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము, కౌలుదారు కౌలుభూమిని అనుభవింపవచ్చునే గాని దానికి శాశ్వతనష్టము కలుగు పనులు చేయరాదని శాసించినది. పది సెంట్ల కొట్టము కౌలునకే యీ నియమముండగా, భూగర్భపు నిధిని కౌలుకు తీసికొన్నవానికి లేకుండునా? 1948 నాటి చమురు క్షేత్రముల చట్టము, ఖనిజతైలముల పరిరక్షణకై నియమములు చేయు అధికారమును ప్రభుత్వమున కిచ్చినది. రాజ్యాంగపు 297వ అధికరణము ప్రకారము సముద్రగర్భపు సంపద కేంద్రప్రభుత్వమునకు చెందును. సహజవాయువుపై శాసనాధికారము కేంద్రముదే గాని రాష్ట్రములది కాదని సుప్రీముకోర్టు 2004లో అభిప్రాయ మిచ్చెను. 2010లో గోదావరి సముద్రపు వాయువును గూర్చి ఇద్దరు సోదరుల సంస్థల నడుమ వచ్చిన వ్యాజ్యమున, ఈ వాయువు జాతి యాస్తియనియు, ప్రభుత్వము ప్రజల తరఫున దానిని కాపాడవలసిన ధర్మకర్తయనియు అదే న్యాయస్థానము చెప్పెను. కావున పెద్దాయనకు జవాబు దొరకినది: "ఆ మంట నీ సొత్తే. నీ ధర్మకర్తను నీవే లెక్క యడుగవలెను."

కాని లెక్క యడుగుటకు హక్కు మనకెక్కడిది, అది గోదావరి జిల్లాల బావి గదా యని కొందరు మిత్రులు సంశయించిరి. రాయలసీమకు దానితో సంబంధము లేదనుట పొరపాటు. పాత కడప జిల్లాలోని మంగంపేట ముగ్గురాయి మీరెరుగుదురు. ప్రపంచమున నొకేచోట నున్న ముగ్గురాతి నిక్షేపములలో అది మిక్కిలి పెద్దదని ప్రసిద్ధి. ఆ రాతిని పొడిచేసి ఎక్కడికి పంపుచున్నారు? చమురు బావులకే. ఆ బరువైన పొడిని బురదలో కలిపి బావిలో నింపినచో, అడుగునుండి తన్నుకొని వచ్చు వాయువును ఆ బరువు అదిమిపట్టును. అనగా గోదావరి గర్భములోని నిప్పును కట్టివేయు త్రాడు కడప గనులలో పేనబడుచున్నది. గనిలో దుమ్ము పీల్చినవాడు సీమ కూలివాడు. మంట ప్రక్క పడుకొన్నవాడు కోనసీమ కూలివాడు. ఇద్దరిది నొకే వ్యాజ్యము. ప్రాంతమునకు ప్రాంతమునకు పోటీపెట్టి ఈ వ్యాజ్యమును నడుపగూడదు. మే మొకప్పుడు సభలలో "గోదావరి గ్యాసు మాకు పంపుడు" అని మాత్రమే కేకవేసితిమి. నగరము గ్రామపు గొట్టమును గూర్చి చదివిన పిదప ఆ కేకకు సిగ్గుపడితిమి. గొట్టము పోవు దారిలోని యూరి ప్రాణము మన పొయ్యికంటె చులకన కాదు.

ఇంకొక మాట. పరుల బావిగట్టున మండు మంటను నిందించు మనము, మన పెరటిలోని మంటను చూచుకొనుచున్నామా? పెంటకుప్పనుండి, కుళ్లు కూరగాయలనుండి, పట్టణపు చెత్తదిబ్బనుండి పుట్టునదియు మీథేనే. పేడవాయువులో నూటికి యేబదియైదు మొదలు అరువదియైదు పాళ్లు అదియే. హైదరాబాదు బోయినపల్లి కూరగాయల సంతలో దినమునకు పదిటన్నుల చెత్తనుండి సుమారు 500 యూనిట్ల విద్యుత్తును, 30 కిలోల ఇంధనమును తీయుటకు మేము పేర్కొన్న హైదరాబాదు సంస్థయే యంత్రవిధానము నిచ్చినది. కర్నూలు, కడప, నంద్యాల, ప్రొద్దుటూరు సంతలలో కుళ్లు టొమాటాలు, ఉల్లిగడ్డలు పారబోయుట మనము చూడని దృశ్యమా? ధర లేక రైతు రోడ్డుమీద పోసిన పంటకు కనీసము నిప్పుగానైనను విలువ రావలదా?

ఇందులోను మోసపోరాదు. ఇంటికి సరిపడు రెండు ఘనమీటర్ల పేడవాయు యంత్రమునకు దినము యేబది కిలోల పేడయు, దానికి సమానమైన నీరును కావలెను. కరవు వచ్చినపుడు మొదట సంతకు పోవునది యెద్దు. తరువాత ఎండునది బోరు. పేడ లేక, నీరు లేక మూలబడిన యంత్రములను మేము స్వయముగా చూచితిమి. కావున ప్రతి యింటికి యంత్రమను నినాదము మన సీమకు తగదు. సంత, వసతిగృహము, గోశాల, పాలకేంద్రము వంటి, చెత్తయు నీరును నిత్యము దొరకు చోట్ల మాత్రమే పెట్టుట వివేకము. మరియు నొక విశేషము: పేడవాయువులో మీథేనుతోబాటు బొగ్గుపులుసు వాయువును ఉన్నది. ఈ రెంటిని కలిపియే నికెలు మీద నడిపి సంశ్లేషణ వాయువుగా మార్చు విధానము కలదు. మసి పేరుకొనుట దీనికి ముఖ్యశత్రువు. ఆ మసిని జయించు ఉత్ప్రేరకమును కనుగొను విద్యార్థి మన కర్నూలు కళాశాలనుండి రాగూడ దన్న శాసనము లేదు గదా!

సూర్యుని సంగతియు చెప్పవలెను. పాత కర్నూలు జిల్లాలోని గని, శకునాల గ్రామముల కడ 2017లో వేయి మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రము వెలసినది. ఆ విద్యుత్తుతో నీటిని విడదీసి ఉదజనిని తీయవచ్చును. యర్రగుంట్ల ప్రాంతపు సిమెంటు కర్మాగారములు సున్నపురాయిని కాల్చి బొగ్గుపులుసు వాయువును విడుచుచున్నవి. ఈ రెంటిని నికెలు మీద కలిపి తిరిగి మీథేను చేయవచ్చునని చూపిన ఫ్రెంచి పండితుడు సబాట్యే 1912లో నోబెలు బహుమానమునకు పాత్రుడయ్యెను. ఆ వాయువునుండియే మిథనాలు చేయుట ఐసులాండులో ఆచరణలోనికి వచ్చినది. నేటికిది ఖరీదైన పని. దీనికై మనము తొందరపడి భూములు ధారపోయ నక్కరలేదు. కాని ఎండ, సున్నపురాయి తప్ప దేవుడు సీమకేమి యిచ్చినాడని నిట్టూర్చువారు, ఆ రెండును రేపటి ముడిసరుకులని గుర్తించుట మంచిది.

సోదరులారా, ఉపన్యాసమును విని చప్పట్లు కొట్టి పోవుటకు మనమిచ్చట కూడలేదు. మేము మీ ముందుంచునవి మూడు కోరికలు. మొదటిది: ఆంధ్రదేశమందలి ప్రతి బావి కడ నెలకు ఎంత వాయువు వెలువడినది, ఎంత వాడబడినది, ఎంత కాల్చబడినది, కాల్చుటకు కారణమేమి అను లెక్కను తెలుగులో, గ్రామ పంచాయతీ గోడమీద అతికింపవలెను. సమాచారహక్కు చట్టము 2005 నుండి మనచేత నున్నది. ఆ దరఖాస్తులను వ్రాయు పని మేము వేతనము లేక చేయుదుము. రెండవది: గొట్టమునకు దూరమైన బావులలో నొకదానికడ, మన హైదరాబాదు శాస్త్రజ్ఞులచేత, చిన్న ఉత్ప్రేరక యంత్రమును పరీక్షార్థము నెలకొల్పవలెను, లాభనష్టముల లెక్క దాచక ప్రకటింపవలెను. మూడవది మన చేతిలోనిదే: కర్నూలు, కడప సంతలలో నొక్కదానినైనను ఎంచుకొని, చెత్తనుండి వాయువు తీయు యంత్రమును పెట్టించుట. ఇతరుల నడుగువాడు తన యిల్లు చక్కబెట్టుకొని యడిగినచో, ఆ మాటకు బలము కలుగును.

వచ్చే వారము మే మా గ్రామమునకు మరల పోవుచున్నాము. చెరువు పూడిక పని యింకను మిగిలియున్నది. పెద్దాయన రచ్చబండ మీదనే యుండును. "సారూ, కనుక్కొంటివా?" యని తప్పక యడుగును. చట్టమేమి చెప్పినది, శాస్త్రమేమి చెప్పినది మేము చెప్పగలము. "మరి మీరంతా కలిసి ఏం చేసిరి?" అని యాయన రెండవ ప్రశ్న వేసినచో దానికి జవాబు మా యొక్కరి చేతిలో లేదు, ఈ సభ చేతిలో నున్నది. ఆ జవాబును మాకిచ్చి పంపుడు.